మేడం లిస్టు తప్పలేదు

ఎల్లారెడ్డి నుంచి మేడం తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్క పోయిందమ్మా. పొద్దుగాల చాయ్ తాగుకుంట కూలవడ్డది" అన్నాడు. నాకు ఏడుపు తర్వాత వచ్చింది. ముందు మేడం పేరు చెడగొట్టిన కాంట్రాక్టర్ ముఖం గుర్తొచ్చి పళ్లు పటపటా కొరికాను.

మేడం కామారెడ్డిలో ఇళ్ల ప్లాన్లు గీసేది. నేను ఆమె దగ్గరే పని నేర్చుకున్నాను. కంప్యూటర్లో గోడ గీస్తే ఎంత ఇటుక, ఎంత సిమెంటు, ఎంత ఇనుము కావాలో సాఫ్ట్‌వేరే లిస్టు తీస్తుంది. ధరలు మాత్రం మనమే ఎక్కించాలి. దానితో వచ్చినవి ఎక్కడివో పెద్ద నగరాల ధరలు. మేడం వాటిని తుడిచేసి, ప్రతి సోమవారం దుకాణాలకు ఫోన్ చేసి మన ధరలు ఎక్కించేది. పక్కన చాయ్ చల్లారిపోయేది. కామారెడ్డి ధరలు వేరుగా, ఎల్లారెడ్డి ధరలు వేరుగా పెట్టేది. "గీడి రేటుకు గాడ ఇల్లు లేవదు బిడ్డా. లారీ కిరాయి ఎవలిస్తరు?" అనేది.

సాఫ్ట్‌వేర్‌కు తెలియనివీ చేర్చేది. బోరు, సెప్టిక్ ట్యాంకు, నీళ్ల ట్యాంకర్లు. స్లాబు పోసిన రోజు మేస్త్రీలకు దావత్ ఇవ్వాలి కాబట్టి ఒక మేక కూడా. సిమెంటు బస్తాల కింద మేకను చూసి నేను పడీపడీ నవ్వాను. ఆమె నవ్వలేదు. "మర్చిపోయిన ఖర్చే మునగ్గొడ్తది" అంది.

ఆ కాంట్రాక్టర్ ఈ లిస్టులు తీసుకుని, కొన్ని వరుసలు కొట్టేసి, మొత్తం తగ్గించి జనానికి చూపేవాడు. పైన మేడం పేరు మాత్రం ఉంచేవాడు, ఆ పేరు మీద జనానికి నమ్మకం. ఇల్లు సగంలో ఆగితే, "మేడం లెక్క తప్పింది, నేనేం చేస్త?" అని చేతులు దులుపుకునేవాడు. ఎల్లారెడ్డిలో ఒకామె భర్త దుబాయ్‌లో కష్టపడి పంపిందంతా స్లాబు దగ్గరే అయిపోయింది. ఆమె మేడం ఇంటి ముందు నిలబడి దుమ్మెత్తి పోసింది. గిరాకీ పడిపోయింది. అసలు సంగతి అందరికీ చెప్పేద్దామంటే మేడం, "ఇల్లు ఆగినోళ్ల కడుపుమంట బిడ్డా, పోనియ్" అంది. పోనివ్వడం ఆమెకు చేతనయింది. నాకు కాలేదు, ఇప్పటికీ కాదు.

మేడం శవం మీద దండ వేసి, ఆ చేతులతోనే నన్ను పక్కకు పిలిచాడు ఆ కాంట్రాక్టర్. "మేడం రేట్లన్నీ పట్టుకోని నా దగ్గరికి వచ్చెయ్ చెల్లె. జీతం మంచిగిస్త." నా ఒళ్లు మండిపోయింది. అయినా, "దినాల నాడు మాట్లాడుకుందం అన్నా" అన్నాను.

ఆ మధ్యలో దుబాయ్ ఆయన భార్య ఇంటికి వెళ్లి దినాలకు రమ్మన్నాను. "నేనెందుకొస్త? తిట్టినదాన్ని" అంది. "తిన్నా తినకున్నా ఒక్క బంతి కూసో అక్కా" అని బతిమాలాను.

దినాల భోజనాలలో ఆయన పక్కన నేను కూర్చున్నాను. వెనక బంతిలో, ఆయన వీపుకు వీపు ఆనించినట్టు, ఆమెను కూర్చోబెట్టాను. ఆయన అన్నం కలుపుతుంటే తీయగా అడిగాను.

"నీ లిస్టులు గంత తక్కువకెట్ల వస్తుండె అన్నా? నీ దగ్గర పనిచెయ్యాలంటే నాకు తెల్వాలె గద."

ఆయన మీసం కింద నవ్వాడు. "గదేముంది చెల్లె. మేడం రాసినయి నాలుగు తీసేస్త. బోరు, ట్యాంకు గిట్ల. అన్నీ చూపెడ్తె ఇల్లు ఎవడు మొదలువెడ్తడు? సగం లేసినంక వాళ్లే అప్పు తెచ్చుకుంటరు."

"అంటే మేడం లెక్క తప్పలేదన్నట్టు?" గొంతు పెంచి అడిగాను.

"ఆమెది ఎన్నడు తప్పింది?"

వెనక ఆమె లేచి నిలబడింది. "మల్లొక్కపారి చెప్పు" అంది. ఆయన తిరిగి చూశాడు. వడ్డించేవాళ్లు ఆగిపోయారు. మేడం తమ్ముడు గిన్నె కింద పెట్టాడు. బంతిలో అందరూ ఆయన్నే చూస్తున్నారు.

కలిపిన ముద్ద విస్తరిలోనే వదిలేసి ఆయన వెళ్లిపోయాడు. చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోలేదు. ఆ విస్తరిని ఎవరూ తియ్యలేదు. ఈగలు ముసురుతుంటే దాని పక్కనే కూర్చుని, నేను మారు అన్నం అడిగి పెట్టించుకుని, కడుపునిండా తిన్నాను.