తలబాన

డోన్ చుట్టుపక్కల లేవి పనికి మంచి పేరుండేది. లేవికి మాత్రం మంచి పలకరింపు ఉండేది కాదు. కపిల బావిలో నీళ్లు తోడే తోలు బాన చినిగిందంటే చాలు, రైతులు బండి కట్టుకుని అతని గుడిసె ముందుకు వచ్చేవారు. పని అయ్యేదాకా ఎడంగా కూర్చునేవారు. పని కాగానే బానను బండిలో పడేసుకుని వెళ్లిపోయేవారు. "బాగుండావా లేవీ" అని అడిగేవారే గానీ, జవాబు చెప్పేలోపల ఎద్దులను అదిలించేవారు.

అతని భార్య కృపమణి కలరాతో పోయింది. పిల్లల్లేరు. మిగిలింది ఒక్క తమ్ముడు, ప్రకాశం. తల్లి పోయేనాటికి వాడికి పాలపళ్లు కూడా ఊడలేదు. కొర్ర సంగటి ముద్దలు చేసి తినిపించిందీ, అక్షరాలు దిద్దించిందీ, మోకాళ్ల మీద కూర్చోబెట్టి ప్రార్థన నేర్పించిందీ లేవే. పేటలోని మందిరంలో ఒక కట్టుబాటు ఉండేది. ఆడవాళ్లు కొంగు కప్పుకుని ప్రార్థన చేయాలి, మగవాళ్లు తలపాగా తీసి చేయాలి. ఒక చలికాలం ఉదయం ప్రకాశం గొంగడి ముసుగులో నుంచే నాలుగు మాటలు గొణిగి ఆమేన్ అన్నాడు. లేవి ఆ గొంగడి లాగి, వీపు మీద ఒక్కటి వేశాడు.

"దేవుని ముందర తల దాచుకుంటావేంరా, దొంగ మాదిరి?"

ఆ దెబ్బ వాడికి బాగా గుర్తుండిపోయింది. పెద్దవాడై, బస్సులు తిప్పే సావుకారు పుల్లయ్య దగ్గర డ్రైవరయ్యాక కూడా, బండి తీసే ముందు టోపీ ఒళ్లో పెట్టుకుని తల వంచనిదే ఇంజను హ్యాండిలు తిప్పనిచ్చేవాడు కాదు. ప్రయాణికులు విసుక్కునేవారు. "ఏమప్పా, నీ దేవునితో మాటలు అయినాయా?" అని ఎగతాళి చేసేవారు. వాడు నవ్వేవాడు, తల మాత్రం ఎత్తేవాడు కాదు. ఆ మాట ఎవరైనా చెబితే లేవికి కడుపు నిండేది. బస్సు కర్నూలులో ఆగిపోయిన రోజుల్లో మాత్రం వట్టి కడుపుతోనే పడుకునేవాడు. ఒక్కడి కోసం పొయ్యి వెలిగించడం అతనికి చేతనయ్యేది కాదు.

మన సీమలో చెరువుల సంగతి చెప్పేదేముంది! నీళ్లుంటే చేపలు పట్టుకునేవాళ్లు. లేవు కాబట్టి మోటారు పందేలు పెట్టారు. పుల్లయ్యకూ, కర్నూలులో బస్సులు తిప్పే ఇంకొక ఆసామికీ పడేది కాదు. రోడ్డు మీద ప్రయాణికుల కోసం కొట్లాడింది చాలక, ఎండాకాలం రాగానే ఊరి బయట ఎండిన చెరువులో కార్లు పరిగెత్తించి మరీ కొట్లాడేవారు. తమకేమీ ఒరిగేది లేకపోయినా, పది ఊళ్ల జనం కట్ట మీద చేరి వీళ్లకోసం గొంతులు చించుకునేవారు. కిందటి ఏడాది ఆ పందెంలో గోపన్న అనే డ్రైవరు కారులో నుంచి ఎగిరిపడ్డాడు. ఒంటి మీద గీత కూడా లేదు. తల మాత్రం రాయికి తగిలింది. పొద్దు వాలకముందే ప్రాణం పోయింది.

ఈసారి పుల్లయ్య కారు ప్రకాశం నడపాలన్నారు. వాడికి పెళ్లికొడుకును చేసినంత సంబరం. లేవికి ఆ రోజు నుంచి అన్నం సయించలేదు. పోవద్దురా అని చెప్పి చూశాడు. వాడు వినలేదు.

"ఊరికే పోతాండానా అన్నా? సావుకారు మదరాసు నుంచి టోపీ తెప్పించినాడు. సీమదొరలు పందేల్లో ఇదే పెట్టుకుంటారంట."

లేవి ఆ టోపీని తిప్పి తిప్పి చూశాడు. పలచటి మేకతోలు, చెవుల మీదికి రెండు రెక్కలు, గడ్డం కింద ఒక పట్టీ.

"గాలికి క్రాపు చెదరకుండా ఉండేదానికి ఇది శానా మంచిది. మరి రాయి తగిల్తే?"

"దొరలకు తగలదా రాయి?"

"దొరల తలలు రబ్బరువేమో నాకు తెల్దు. మనయి మట్టికుండలు రా నాయనా."

మరునాడే పని మొదలుపెట్టాడు. తంగేడు చెక్క నీళ్లలో ఊరిన దున్నపోతు తోలు, అన్నిటికన్నా మందమైనది ఎంచాడు. తడి తోలును చిన్న కుండ మీద బోర్లించి, లాగి కట్టి, ఎండలో పెట్టాడు. మన ఎండకు అది ఆరి చెక్కలా బిగుసుకుపోయింది. లోపల దూది కుక్కి పైన గుడ్డ కుట్టాడు. తమ్ముడి తల మీద పరీక్ష చేయలేడు కదా, ఎండిన సొరబుర్ర ఒకటి అందులో పెట్టి, పైనుంచి రాయి వదిలాడు. తోలుకు ఏమీ కాలేదు. లోపల సొరబుర్ర రెండు చెక్కలైంది. దూది దట్టంగా కుక్కి మళ్లీ చేశాడు, ఇంకొక సొరబుర్రా పగిలింది.

పక్కింటి నాగక్క గోడ మీదనుంచి చూసి నవ్వు ఆపుకోలేకపోయింది.

"ఏమప్పా లేవీ, సొరకాయకు పెండ్లి చేస్తాండావా, తలపాగ పెడ్తాండావు? బావికి బానలు కుట్టి కుట్టి, ఇప్పుడు తలకు బాన కుడ్తాండావే!"

ఆమె సరదాకు అన్న మాట పేటంతా పాకి, ఆ వస్తువుకు తలబాన అనే పేరు స్థిరపడిపోయింది.

గోడకున్న మేకుకు కృపమణి చుట్టకుదురు ఇంకా వేలాడుతూ ఉంది. పాతచీర పేలికలు చుట్టి ఆమె చేసుకున్నది. నిండు కడవ ఎత్తుకున్నా దాని అడుగు నడినెత్తికి ఆనేది కాదు, చుట్టూ ఉన్న గుడ్డ మీదనే బరువంతా నిలిచేది. లేవి దాన్ని తీసి తన నెత్తిన పెట్టుకుని, చేత్తో నొక్కి చూసుకున్నాడు. ఇంత చిన్న సంగతి ఆమె ఉన్నన్నాళ్లూ చూస్తూ కూడా చూడలేదే అనుకున్నాడు. దూదంతా పీకేశాడు. తోలు లోపలి అంచుకు చుట్టూ పట్టీలు కుట్టి, వాటిని నడిమధ్య కలిపి, తల ఆ పట్టీల ఉట్టిలో కూర్చునేలా చేశాడు. తలకూ తోలుకూ నడుమ రెండువేళ్ల ఖాళీ మిగిలింది. ఈసారి రాయి వేస్తే సొరబుర్ర పగల్లేదు. ఇంకా పెద్ద రాయి వేశాడు. పగల్లేదు. లేవి గట్టిగా నవ్వాడు. ఆ సంతోషం చెప్పుకోవడానికి ఇంట్లో ఎవరూ లేక సొరబుర్రకే చెప్పుకున్నాడు.

పందెం రోజు కట్ట మీద ఇసుక వేస్తే రాలనంత జనం. అవతలి కారు నడిపేవాడు మారెన్న. నీకూ ఒకటి కుట్టిస్తానని ప్రకాశం ముందే చెప్పాడట. మారెన్న అందరూ వినేలా అన్నాడు:

"చెప్పులు కుట్టే తోలు నెత్తిన పెట్టుకోవాల్నా? అంతకంటే తల పగిలేది మేలు కదప్పా!"

జనం విరగబడి నవ్వారు. ప్రకాశం కూడా నవ్వి, తలబాన పెట్టుకుని, పట్టీ బిగించాడు. అంతకుముందు టోపీ లేని తల వంచి ప్రార్థన చేసుకోవడం లేవి కట్ట మీదనుంచి చూశాడు.

మొదటి చుట్టులో ప్రకాశమే ముందున్నాడు. చెరువు మట్టి పొడిపొడిగా లేచి, బాగా వెనకబడిన మారెన్న కారును మింగేసింది. రెండో చుట్టులో తూము దగ్గర మలుపు తిరుగుతుండగా ప్రకాశం కారు ముందు చక్రం బండకెక్కింది. కారు పక్కకు ఒరిగి పల్టీ కొట్టింది. వాడు ఎగిరి, తలకిందులుగా రాళ్ల మీద పడ్డాడు. తల రాయికి కొట్టుకున్న చప్పుడు కట్ట మీదికి వినిపించింది. జనం ఒక్కసారిగా అమ్మో అన్నారు. లేవి కట్ట దిగి పరుగెత్తాడు.

సగం దూరం పోయేసరికి ప్రకాశం లేచాడు. కాసేపు తూలాడు. చేతులు చూసుకున్నాడు, కాళ్లు చూసుకున్నాడు, తలబానను రెండు చేతులతో తడుముకున్నాడు. బతికాడు! లేవికి ఒళ్లంతా తేలికైపోయింది. అప్పుడు ప్రకాశం గడ్డం కింది పట్టీ విప్పాడు. తలబాన తీసి పక్కన పెట్టి, ఆ దుమ్ములోనే మోకాళ్ల మీద కూర్చుని తల వంచాడు.

లేవికి ఏమనిపించిందో దాచడమెందుకు, గర్వమనిపించింది. ఇంత గండం గడిచిన నిమిషంలో కూడా నా తమ్ముడు మరిచిపోలేదు అనుకున్నాడు. అతనూ పరుగు ఆపాడు. ఉన్నచోటనే తన తలపాగా తీసి చేత పట్టుకుని, కృతజ్ఞతతో కళ్లు మూసుకున్నాడు.

మోటారు చప్పుడు, ఆ వెంటనే జనం కేకలు అతనికి ఆ చీకట్లోనే వినిపించాయి. కళ్లు తెరిచేసరికి దుమ్ము తప్ప ఏమీ కనిపించలేదు. మారెన్న కారు మలుపు దాటి ఆగి ఉంది. దాని మడ్‌గార్డు వంచిన తలకు తగిలింది. పక్కన పెట్టిన తలబానకు చిన్న చొట్ట తప్ప ఏమీ కాలేదు.

మారెన్న వచ్చి లేవి కాళ్ల మీద పడ్డాడు. ఊళ్లో పైకులం మనిషి లేవి కాళ్లు పట్టుకోవడం అదే మొదలు.

"నాకు కనపడల్యా లేవీ. దుమ్ములో నాకు కనపడల్యా."

"నాకూ కనపడల్యాప్పా," అన్నాడు లేవి. "నేను కండ్లు మూసుకోనుంటి."

సమాధి దగ్గర అందరూ మంచిమాటలే చెప్పారు. ప్రార్థనలో ఉండగా పోయినవాడు ఎంత ధన్యుడు అన్నారు. అందరూ తలపాగాలు తీశారు. లేవి చెయ్యి కూడా తలదాకా పోయింది, అక్కడే ఆగిపోయింది. తీయలేకపోయాడు. తర్వాతి ఆదివారం మందిరంలోనూ తీయలేదు. సంఘ పెద్ద ఏసేపు, లేవికి చిన్ననాటి స్నేహితుడు, మెల్లగా పక్కన కూర్చున్నాడు.

"తలపాగ తీయి లేవీ. అందరూ చూస్తాండారు."

"తీయలేనప్పా."

"ఇది నీకు తెలియని కట్టుబాటా? ఆ పిల్లోనికి నేర్పించింది నువ్వే కదా."

"అందుకే తీయలేను."

ఏసేపు చెడ్డవాడు కాదు. అతని నోటికి ఆ పూట మరో మాట దొరకలేదు, అంతే. "అట్లయితే బయట కూచోప్పా" అన్నాడు. లేవి లేచి వెళ్లి గోడ అవతల అరుగు మీద కూర్చున్నాడు. ఆ తర్వాత ఏడేళ్లకు పైగా అతని చోటు అదే. కీర్తనలు కిటికీలోంచి వినేవాడు, పెదవి కదిపేవాడు కాదు. ఇంట్లో సంగటి ముందు కూర్చున్నా అదే బాధ. తలపాగాతో ప్రార్థిస్తే తప్పు చేసినట్టుండేది. తీస్తే దుమ్ములో వంగిన తమ్ముడి తల కనిపించేది. చివరికి ప్రార్థనే మానుకున్నాడు. భార్య పోయినప్పుడు తమ్ముడున్నాడు. తమ్ముడు పోయినప్పుడు దేవుడన్నా ఉండాల్సింది, ఆయనతోనూ మాటలు తెగిపోయాయి. అంతటి ఒంటరితనం పగవాడికి కూడా వద్దు.

పని మాత్రం ఆగలేదు. బతికుంటే బలుసాకు తినొచ్చు, తోలైతే ఏమి అనుకున్నారు కాబోలు, మెల్లగా ఒక్కొక్క డ్రైవరూ వచ్చి తలబాన కుట్టించుకోసాగాడు. లేవి ప్రతిదానికీ పట్టీ తానే బిగించి చూసేవాడు. ఎవరైనా అక్కడికక్కడే విప్పబోతే కసురుకునేవాడు. ముసలోడికి పిచ్చి అనుకునేవారు.

యుద్ధం నడుస్తున్న రోజుల్లో ఒక ఉదయం ఏసేపు తన కొడుకు దావీదురాజును వెంటబెట్టుకుని వచ్చాడు. దావీదురాజుకు పెళ్లయి పిల్లలున్నారు. గని నుంచి ముగ్గురాయి తోలే లారీ మీద పని దొరికింది. ఆ లారీకి తలుపుల్లేవు, దారంతా గుట్టలు. ఏసేపు గుమ్మం బయటే నిలబడ్డాడు.

"వీనికొకటి కావల్ల లేవీ." కొడుకును కాస్త ముందుకు నెట్టాడు. "నువ్వే వాని కోసం ప్రార్థన కూడా చేయల్ల. అడిగేదానికి నాకు మొగం లేదు. అయినా అడుగుతాండా."

లేవి దావీదురాజు తలకు కొలత తీసి, పని ముగిసేదాకా వాళ్లను మళ్లీ మళ్లీ రప్పించి, చివరి రోజు తలబాన తన చేత్తోనే పెట్టి పట్టీ బిగించాడు. దావీదురాజు మోకాళ్ల మీద కూర్చున్నాడు. పుట్టినప్పటి నుంచి ఉన్న అలవాటు, చెయ్యి తనంత తానే గడ్డం కింది పట్టీ మీదికి పోయింది.

లేవి ఆ రెండు చేతులూ పట్టుకుని కిందికి దించాడు. "తీయొద్దు నాయనా. అట్లనే ఉండనీ."

దావీదురాజు తండ్రి వైపు చూశాడు. మందిరంలో ఆ కట్టుబాటు కాచేవాడు ఏసేపే. అతను తల అడ్డంగా ఊపలేదు. లోపలికి వచ్చి కొడుకు పక్కన కూర్చున్నాడు, తన తలపాగా కూడా తీయకుండా.

లేవి ఆ బిరుసు తోలు మీద రెండు చేతులూ ఆనించాడు. ప్రార్థన మొదలుపెట్టాడు.

"తండ్రీ, నేను మాట్లాడక శానా దినాలాయె. నాకు నువ్వేం చేయొద్దు. ఈ పిల్లోన్ని మాత్రం ఇల్లు చేర్చు. రాళ్ల దారి అది. దుమ్ము ఉంటాది. నువ్వైనా కండ్లు మూసుకోవద్దు. మా ప్రకాశాన్ని ఇల్లు చేర్చు తండ్రీ."

తాను ఏ పేరు పలికాడో లేవికి తెలియలేదు. దావీదురాజు తల ఎత్తబోయాడు. ఏసేపు అతని భుజం మీద చెయ్యి వేసి ఆపి, గట్టిగా ఆమేన్ అన్నాడు. దావీదురాజు కూడా ఆమేన్ అన్నాడు.