నీలం వచ్చిందా?

జయశీలకి పైన ప్రభువు మీద ఎంత నమ్మకమో, కింద తమ్ముడు ఆనందకుమార్ మీద అంత నమ్మకం. తల్లి పోయాక వాణ్ణి పెంచింది ఆవిడే. గాజువాకలో ఒక ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేసేది. ఇంటికొచ్చి ఆ కబుర్లన్నీ తమ్ముడికి పూసగుచ్చినట్టు చెప్పేది. ఆనందపురం రైతొకడు గడ్డి మందు తాగిన రోజున అన్నం వడ్డిస్తూ చెప్పింది.

"రక్తం మీద తేట తీసి పొడి కలిపితే నీలంగా మారిపోతాదిరా. ఎంత ముదురైతే అంత మందు ఒంట్లో ఉన్నట్టు. వెంటనే మందుని పీల్చేసే మట్టినీళ్లు పట్టించకపోతే, మధ్యలో తేరుకున్నట్టున్నా మనిషి దక్కడు."

వాడు చేపముల్లు ఏరుకుంటూ విన్నాడు.

ఎనభై నాలుగులో ఉక్కునగరం కొత్త క్వార్టర్ల చుట్టూ గడ్డి చంపించే పనికి వాడు మేస్త్రీ అయ్యాడు. ఒకరోజు సన్యాసిరాజు అనే కూలీని ఆటోలో అక్క ఆసుపత్రికి వేసుకొచ్చాడు. ఒకటే వాంతులు.

"కల్తీ సారా తాగేడక్కా. నాను సూసేను."

తమ్ముడు చూశానంటే ఇక అడిగేదేముంది, పిచ్చితల్లి! డాక్టరుకి అదే మాట తనే చెప్పింది. సారాకి చేసే వైద్యమే చేశారు.

మర్నాడు రక్తం తీయబోతే సన్యాసిరాజు నోరంతా పుండ్లు. గడ్డి మందు తాగిన రైతుకీ ఇలాగే పూసింది. జయశీల ఎవరితోనూ అనకుండా ల్యాబులోకెళ్లి తేటలో పొడి కలిపింది. గొట్టంలో సిరా పోసినట్టు నీలం. రంగు కొలిచే మీటరు ముల్లు ఆవిడ ఎన్నడూ చూడనంత దూరం పోయింది.

తలుపు తీస్తే ఎదురుగా తమ్ముడు.

"నీలం వచ్చిందా అక్కా?"

అప్పటిదాకా గడ్డి మందు మాట ఎవరి నోటా రాలేదు.

"నీకెలా తెలుసురా?"

"కూలీలకి పంచడానికి గడ్డి మందు కూల్‌డ్రింక్ సీసాల్లో పోసేనక్కా. రంగూ అలాగే ఉంటాది. దాహమేసి తాగేసేడు. సెప్తే నన్ను జైల్లో ఏసేత్తారని..."

మట్టినీళ్ల సంగతి తెలిసే నోరు మూసుకున్నాడు. పైగా ఆ అబద్ధాన్ని అక్క చేత మోయించాడు. చెంప పగలగొట్టాలనిపించింది, చెయ్యి లేవలేదు. తిన్నగా డాక్టరు దగ్గరికెళ్లి తమ్ముడి పేరుతో సహా చెప్పేసింది. ఆయన మీటరు లెక్క చూసి, ఇక చేతుల్లో లేదన్నాడు.

వార్డులో సన్యాసిరాజు లేచి కూర్చున్నాడు. భార్య కాశమ్మ చెంచాతో నీళ్లు పడుతోంది.

"వాంతులు తగ్గిపోనాయమ్మా. రేపు ఇంటికెల్లిపోతాను. మీ తమ్ముడుగోరు దేవుడు. నన్ను ఆయనే ఎత్తుకొచ్చేడు."

కాశమ్మ చెంచా పక్కన పెట్టి రెండు చేతులూ జోడించింది. జయశీల ఆ చేతులు పట్టుకుని కిందికి దించేసింది.

"మాకు మొక్కకు కాశమ్మా. ఇతను తాగిన సీసాలో గడ్డి మందు పోసింది మావాడే."