మాట పూర్తికాకముందే పొట్లం కట్టిన పెట్టె

ఒక టెంపోను గేటు దగ్గర నిలబెట్టి, ఇరవై ఏళ్ల మంచిపేరున్న మనిషిని నలుగురిలో దొంగను చేసి, కార్ఖానా మొత్తం తలకిందులు చేసిన ఘనత నాది. దానికి పట్టిన సమయం అరనిమిషం, వాడిన ఆయుధం ఒక వేలు.

కనేరిలో మా బావగారి సాంచల, అంటే మరమగ్గాల, కార్ఖానాలో ఆఫీసు పని చూస్తాను. బీకాం చదివాను కాబట్టి నాకు తెలియనిది లేదని అప్పట్లో నా గట్టి నమ్మకం. సాంచ మీద నుంచి దిగిన ప్రతి గుడ్డ తానునూ నర్సవ్వ మడత మిషను మీద వేస్తుంది. మిషను దాని పొడవు కొలిచి, అంకెలను ఒక్కొక్కటిగా తీగ గుండా పంపుతుంది. గోడకు తగిలించిన చిన్న పెట్టె వాటిని పోగేసి, పొట్లం కట్టి, నెట్‌వర్క్ మీద నా కంప్యూటర్‌కు చేరవేస్తుంది. పొట్లం అందగానే చీటీ అచ్చవుతుంది. తానుకొక పొట్లం, పొట్లానికొక చీటీ.

మరి అంకెలు అయిపోయాయని పెట్టెకు ఎలా తెలుస్తుందంటారా? తీగ మీద కాసేపు ఏమీ రాకపోతే, అయిపోయిందనుకుని పొట్లం కట్టేస్తుంది. ఆ కాసేపు ఎంతో మనమే చెప్పాలి. పెట్టెను అమర్చిన దేవదానం అన్న యాభై మిల్లీసెకన్లని చెప్పి వెళ్లాడు.

ఒకనాడు కంప్యూటర్‌లో ఆ పెట్టె అమరికలు తెరిచి చూద్దును కదా, 'ఖాళీగా ఆగే సమయం: యాభై' అని ఉంది. నా ఒళ్లు మండింది. దారం తెగి సాంచ రెండు నిమిషాలు ఆగితే మా నాన్న అన్నం ముందు నుంచి లేచి పరుగెత్తేవాడు. అలాంటి ఇంట్లో పుట్టినదాని కళ్లెదుట ఒక పెట్టె జీతగాడిలా గోడకు చేరబడి కునుకు తీయడమా?

దేవదానానికి ఫోన్ చేశాను. "అన్నా, నీ పెట్టె ఏంది, ఉత్తగ కూసుంటది?"

"చెల్లె, మిషను పాతది. అంకెకు అంకెకు నడుమ జర ఆగుతది, గందుకే..."

"పాతదైతే పని చేస్తలేదా ఏంది?" అని ఫోన్ పెట్టేసి, యాభైని ఒకటి చేశాను.

మర్నాడు తానులు తీసుకుపోవడానికి టెంపో వచ్చి నిలబడింది. నర్సవ్వ తాను వేసింది. చీటీ వచ్చింది, పది మీటర్లు. వెంటనే ఇంకొకటి, నాలుగున్నర. ఆ తర్వాత తొమ్మిది, ఎనిమిది. నూరు మీటర్ల తానులు జేబురుమాళ్లలా కుంచించుకుపోతున్నాయి. ఆ చీటీలు పట్టుకుని షెడ్డులోకి దూసుకుపోయాను.

"నర్సవ్వా, నూరు మీటర్ల తాను పది మీటర్లెట్లయితది? మిగిలింది ఏ సంచిల వోయింది?"

సాంచల చప్పుడులో పక్కమనిషి మాట వినపడదు. ఈ మాట మాత్రం చివరి సాంచ దాకా వినపడింది.

నర్సవ్వ మిషను ఆపి, అన్నం డబ్బా చేతికి తీసుకుంది. "ఇరవై ఏండ్లల జానెడు గుడ్డ ఫరక్ రాలే. ఇగ నీ తాన్లు నువ్వే మడత వెట్టుకో" అని గేటువైపు నడిచింది. ఆ మిషను తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. బావ ఆమె వెనకాలే పరుగెత్తాడు. ఆమెను బతిమాలి గేటు దగ్గర ఆపి, దేవదానాన్ని పిలిపించాడు.

గైబీ నగర్ నుంచి స్కూటర్ మీద వచ్చిన దేవదానం మొదటి రెండు చీటీలను టేబుల్ మీద పక్కపక్కన పెట్టాడు. ఒకటి, సున్నా. నాలుగు, పాయింటు, ఐదు. నూట నాలుగున్నర.

"తాను నిండుగనే ఉన్నది చెల్లె. మిషను ఊపిరి తీసుకునేలోపే పెట్టె పొట్లం కట్టేసింది" అన్నాడు. కొలత అయిపోగానే మిషను ఒక ముగింపు గుర్తు పంపుతుందట. ఇక ఎంతసేపైనా సరే, ఆ గుర్తు అందేదాకా పొట్లం కట్టవద్దని పెట్టెకు చెప్పాడు. చీటీలు బుద్ధిగా రాసాగాయి.

నేను గేటు దగ్గరికి వెళ్లి, షెడ్డులోని వాళ్లందరూ వినేలా తప్పు నాదేనని చెప్పాను.

నర్సవ్వ నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "ఉంట. గని నా మాట అయిపోయేదాక నువ్వు నడుమల నోరు తెరవొద్దు."

తలూపాను. మొదలుపెట్టింది. నేను కోడలిగా వచ్చిన నాటి నుంచి చేసిన ఘనకార్యాలన్నీ ఏకరువు పెట్టింది. టెంపో డ్రైవర్ రెండు చాయలు తాగి, మూడోది తెప్పించుకున్నాడు.

కాబట్టి చేయి ఆ పెట్టె మీద పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరి ఖాళీ సమయం జోలికీ వెళ్లను. మిషను గానీ మనిషి గానీ, ముగింపు గుర్తు అందేదాకా నోరు మెదపను. మిషను గుర్తు తానుకొకసారి ఠంచనుగా అందుతోంది. నర్సవ్వది మాత్రం ఇప్పటికీ రాలేదు.