బండిల్లు ఒరిగిన వైపు

మా పిన్ని బస్సు సీట్లు కుట్టేది, బాబాయి బస్సులు నడిపేవాడు. ఆయన కూర్చునే సీటు ఆవిడ కుట్టిందే కాబట్టి పెళ్లికి ముందు నుంచే ఆయన బరువు మోస్తోందని మా ఇంట్లో వేళాకోళం చేసేవాళ్లం. పిన్ని నవ్వేది కాదు. కుట్టు నిలిచిందా లేదా అనేదే ఆవిడకి ముఖ్యం.

ఉద్యోగం అయిపోయాక బాబాయి ఒక పాత టూరిస్టు బస్సు కొన్నాడు. వెనక మంచం, మధ్యలో గ్యాసు పొయ్యి, గోడకి మడిచిపెట్టే బల్ల, అన్నీ తనే అమర్చుకున్నాడు. దాన్ని ఆయన మోటార్ హోమ్ అనేవాడు. పిన్నికి నోరు తిరగక బండిల్లు అంది. అదే పేరు నిలిచింది. దగ్గరి ఊళ్లకి రెండు మూడుసార్లు వెళ్లొచ్చారు. దూరాలు తిరగాలని ఆయన కోరిక.

ఒక పొద్దున పళ్లు తోముకుంటూనే బాబాయి కూలిపోయాడు. పక్షవాతం. కుడి వైపంతా పోయింది, మాట పోయింది. ఎందుకో ఒక్క "సరే" మాత్రం మిగిలింది. నీళ్లు కావాలా అంటే సరే, దుప్పటి తీసేయనా అంటే సరే. చిరాకొచ్చి చెంచా విసిరికొట్టినా నోట్లోంచి వచ్చేది సరే. ఏ సరే అవునో, ఏ సరే కాదో పిన్ని ఆయన కళ్లలో వెతుక్కునేది.

వాళ్ల కిటికీలోంచి చూస్తే సీట్లు కుట్టే షెడ్డు వెనక బండిల్లు కనిపిస్తుంది. అది రోజురోజుకీ ఎడమ పక్కకి ఒరిగిపోతూ వచ్చింది. బాబాయి అటు చూసి మంచం పట్టీ మీద ఎడమ చేత్తో కొట్టేవాడు. వ్యాయామం చేయించే అమ్మాయి వచ్చి "బండిల్లు మెట్లెక్కాలంటే కాలెత్తాలి మరి" అంటే చాలు, పళ్ల బిగువున కాలెత్తేవాడు. ఆ కాలు చూసే పిన్ని ఒక నిర్ణయానికొచ్చింది. బండి తనే బాగు చేయించి, తనే నడపాలని.

గాలి బ్రేకుల పని చేసే ఒక మేస్త్రి ఉండేవాడు. అందరూ గాలి మేస్త్రి అనేవాళ్లు. పేరుకే గాలి, ఆయన నోట గాలి మాట ఒక్కటీ రాదు. పిన్ని వెళ్లి అడిగితే ఆశ్చర్యపోయాడు.

"డ్రైవర్ని పెట్టుకో చెల్లెమ్మా. ఇవన్నీ నీకెందుకు?"

"దారిలో ఆగిపోతే డ్రైవరు దిగి ఇంకో బండెక్కి వెళ్లిపోతాడన్నా. ఆయన్ని వదిలేసి నేనెక్కడికి పోను?"

మేస్త్రి షెడ్డుకొచ్చి బండి కిందికి దూరి, పక్కన ఇంకో గోనెసంచి పరిచాడు.

"చేతిబ్రేకు వేస్తే ఏమవుతుందో చెప్పు."

"గాలి వెళ్లి చక్రాన్ని పట్టుకుంటుంది."

"అక్కడే అందరూ పప్పులో కాలేస్తారు. పోతూ పోతూ కాలితో తొక్కినప్పుడు పట్టేది గాలే. ఆగి ఉన్నప్పుడు పట్టేది మాత్రం ఈ డబ్బాలో ఉన్న స్ప్రింగు. గాలి దాన్ని వెనక్కి నొక్కి ఉంచితేనే చక్రం కదులుతుంది. గాలి పూర్తిగా తగ్గిందనుకో, నువ్వు తొక్కినా తొక్కకపోయినా స్ప్రింగు వచ్చి పట్టేస్తుంది."

"అంటే గాలి పోతే బండి ఉన్నచోటే బిగుసుకుపోతుంది."

"అంతే. ఎక్కడ బిగుసుకోవాలో నీ చేతిలో ఉండదు, అదీ ప్రమాదం."

తర్వాత రబ్బరు తిత్తులు చూపించాడు. బండి బరువంతా వాటిలోని గాలి మీదే నిలబడుతుంది. పక్కనే ఒక చిన్న వాల్వు, దానికో కడ్డీ. ఏ పక్క కుంగితే ఆ పక్కకి గాలి పంపుతుంది, ఎక్కువైతే వదిలేస్తుంది. "ఇంటి పెద్దకోడలు లాంటిది. ఎవరి కంచంలో తక్కువైందో చూసుకుంటూ ఉండాలి" అన్నాడు మేస్త్రి. ఇంకో వాల్వు కాపలాది. తిత్తి చిరిగినా బ్రేకుల గాలి బయటికి పోకుండా అడ్డుపడుతుంది.

పిన్ని సబ్బునీళ్లు కలిపి, కుంచెతో తిత్తులకీ గొట్టాలకీ పూసుకుంటూ వెళ్లింది. ఎడమ వెనక తిత్తి మడతలో బుడగలు లేచాయి. తిత్తి మార్చారు. బండి చట్రానికి బాబాయి జబ్బు పడకముందే కింద పడుకుని నల్లరంగు దట్టంగా పూసి పెట్టాడు. మేస్త్రి సుత్తితో అక్కడక్కడ తట్టి చూశాడు. గట్టిగానే పలికింది.

పెద్ద బండ్ల లైసెన్సు కూడా తెచ్చుకుంది పిన్ని. బయల్దేరే రోజు నన్నూ రమ్మంది. ఇంజను వేశాక బండిల్లు బుస్సుమంటూ మెల్లగా పైకి లేచింది, మోకాళ్ల మీద చేతులాన్చి లేచే మనిషిలా. బాబాయిని కుర్చీతో సహా ఎక్కించి, ముందు సీట్లో బెల్టు కట్టాం. ఆయన ఎడమ చేత్తో కింద నేల వైపు చూపిస్తూ "సరే, సరే, సరే" అనడం మొదలుపెట్టాడు.

"చూడరా, ఎంత సంబరమో" అంది పిన్ని. నాకూ అలాగే తోచింది.

ఊరు దాటాక రోడ్డు దిగుడు పట్టింది. ఒక గుంటలో వెనక చక్రం పడింది. కింద ఏదో ఫట్‌మని చీలిన చప్పుడు, వెంటనే ఈల వేసినట్టు గాలి. బండి వెనక మూల ఒక్కసారిగా కూర్చుంది.

"పిన్నీ, గాలి మీటరు సూది పడిపోతోంది."

"చూస్తున్నా. మాట్లాడకు."

హెచ్చరిక మోత మొదలైంది. పిన్ని గేరు తగ్గించింది. మిగిలిన గాలి వృథా కాకుండా బ్రేకు మాటిమాటికీ తొక్కక ఒక్కసారే తొక్కి పట్టి, పక్కన కంకర నేల మీదికి బండిని మళ్లించింది. బండి ఆగిన కాసేపటికి చేతిబ్రేకు గుబ్బ దానంతటదే పైకి తన్నుకొచ్చింది. కింద స్ప్రింగులు పట్టేశాయి. పిన్ని చేతులు స్టీరింగు మీదినుంచి రావడానికి చాలాసేపు పట్టింది.

నేను ఫోన్ చేస్తే మేస్త్రి వచ్చి బండి కిందికి దూరాడు. పిన్నీ దూరింది. తిత్తిని చట్రానికి పట్టి ఉంచే ఇనప పట్టీ ఊడొచ్చి, తిత్తిని చీల్చేసింది. కాపలా వాల్వు తుప్పుతో బిగుసుకుపోయి మూసుకోలేదు, అందుకే బ్రేకుల గాలి కూడా పోయింది. మేస్త్రి స్క్రూడ్రైవరుతో నల్లరంగు గీకాడు. ఇనుము పొరలు పొరలుగా రాలింది.

"ఇది నేను ముందే చూడాల్సింది" అన్నాడు.

"వెల్డింగ్ పెట్టలేవా అన్నా?"

"చివికిన గుడ్డకి నువ్వు కుట్టు వేస్తావా చెల్లెమ్మా?"

పిన్ని వేలితో రంగు తడిమింది. మిగతా చోట్ల ఒక పూతే ఉంది. తుప్పు తినేసిన చోట మాత్రం పూత మీద పూత వేసి ఉంది.

"ఆయనకి తెలుసు" అంది.

పైకెక్కి బాబాయి ముందు కూర్చుంది. "దీని సంగతి మీకు ముందే తెలుసా?"

"సరే."

"పొద్దున వద్దనే చెప్పారా?"

"సరే."

"పోనీ, ఏమైనా కానీ వెళ్దామన్నారా?"

"సరే" అన్నాడు బాబాయి. కళ్లలోంచి నీళ్లు కారాయి. పిన్ని ఆ కళ్లలో ఎంత వెతికినా ఏదీ తేలలేదు. ఈ రోజుకీ తేలలేదు.

బండిని లాక్కెళ్లాలంటే చక్రాలు వదలాలి. మేస్త్రి ఒక్కో డబ్బాలో పొడుగాటి బోల్టు బిగించి స్ప్రింగుల్ని వెనక్కి లాగి పెట్టాడు. లారీ దాన్ని లాక్కొచ్చి షెడ్డు వెనక వదిలింది. కొన్నాళ్లకి షెడ్డు యజమాని చోటు ఖాళీ చేయమన్నాడు. పాత ఇనుము వాళ్లు వచ్చే ముందు పిన్ని లోపలికెళ్లి సీట్లు తనే విప్పుకొచ్చింది. వాళ్లు వచ్చినప్పుడు కుట్టు మిషన్ దగ్గర్నుంచి లేవలేదు.

బాబాయికి ఏదీ దాచలేదు. రాలిన ఇనప పొర ఒకటి ఆయన ఎడమ అరచేతిలో పెట్టి, "బండిల్లు ఇంక లేదండీ" అని చెప్పింది. ఆయన దాన్ని చూసి, వేళ్లు వదిలేశాడు.

"డ్రైవర్ని పెట్టి ఉంటే ఆ దిగుడులో ముగ్గురం పోయేవాళ్లం, నువ్వు నేర్చుకోబట్టే బతికాం" అన్నాను ఒకసారి.

"అసలు కదిలించకుండా ఉంటే?" అంది పిన్ని. "ఒరిగితే ఒరిగింది, ఆయనకి చూసుకోవడానికి ఉండేది." దారం తెంపి, సీటు తిరగేసింది.

వ్యాయామం చేయించే అమ్మాయి వస్తూనే ఉంది. మెట్ల మాట ఎత్తడానికి ఆ అమ్మాయికి నోరు రాలేదు. కాలెత్తమంటే బాబాయి గోడ వైపు చూసేవాడు. పట్టుకుని ఎత్తితే కాలు బరువుగా ఆ అమ్మాయి చేతుల్లోనే ఉండిపోయేది. వారానికి ఒకసారే వస్తానంది, తర్వాత అదీ మానేసింది. ఇప్పుడు పిన్ని కుట్టు మధ్యలో లేచి వెళ్లి ఆయన్ని పక్కకి తిప్పుతుంది, వీపు పుండు పడకుండా. తిప్పి, దిండు సర్ది, మళ్లీ వచ్చి మిషన్ తొక్కుతుంది.