ఊ కొట్టని ఐదు సాయంత్రాలు

గల్ఫ్‌లో, ఖైతాన్‌లోని మా ఫ్లాట్‌లో నా మంచం నుంచి వంటగది కుళాయి వరకు పదకొండు మీటర్లు. 2020 మే నెలలో ఒక మంగళవారం ఉదయం 5 గంటల 10 నిమిషాలకు నీళ్ల కోసం లేచి, ఆ పదకొండు మీటర్లలో రెండుసార్లు గోడ పట్టుకుని ఆగాను. జ్వరం 38.4 డిగ్రీలు. టీ పొడి డబ్బా మూత తీసి ముక్కుకు ఆనించుకున్నాను, వాసన లేదు. డబ్బా ఖాళీ అయిందేమోనని లోపలికి చూశాను. నిండుగా ఉంది.

నా వృత్తి గ్యాస్ డిటెక్టర్ల కాలిబ్రేషన్. చమురు క్షేత్రాల్లో విషవాయువును పసిగట్టే పరికరం చూపే అంకె నిజమా కాదా అని తేల్చి సంతకం చేయాలి. పద్దెనిమిదేళ్ల సర్వీసులో ఒక్కసారి చూసిన రీడింగును నమ్మి సంతకం చేసింది లేదు. ఆ నియమాన్ని నేను ఒక్కసారి, తెలిసి తెలిసి, తప్పాను. దాని ఫలితం నా ఊపిరితిత్తుల మీదే కనిపించింది కాబట్టి రాస్తున్నాను.

నాలుగో రోజుకు, మామూలుగా 95 పైన ఉండాల్సిన ఆక్సిజన్ శాచురేషన్ 88కి దిగింది. అంబులెన్సులో తొమ్మిది కిలోమీటర్లు. సీటీ స్కాన్ చూసిన ఈజిప్షియన్ డాక్టర్, "బోత్ సైడ్స్ గ్రౌండ్ గ్లాస్. డోంట్ వర్రీ, బట్ స్లో. వెరీ స్లో," అన్నారు. అంటే రెండు ఊపిరితిత్తుల్లోనూ మసకగాజు లాంటి మచ్చలు. నిమిషానికి నాలుగు లీటర్ల ఆక్సిజన్ మీద పన్నెండు రోజులు గడిపాను. డిశ్చార్జి రోజున మలయాళీ ఫిజియోథెరపిస్టు నా మంచం పక్కన నిలబడి పెదవులు సున్నాలా చుట్టి చూపించింది. "పర్స్డ్ లిప్ బ్రీదింగ్, బ్రదర్. ముక్కుతో రెండు అంకెలు లోపలికి, నోటితో నాలుగు అంకెలు బయటికి. రోజుకు రెండు వందల సార్లు. మానొద్దు," అని హిందీలో చెప్పింది.

కంపెనీ సూపర్‌వైజర్ ఫోనులో ఇంకా క్లుప్తంగా చెప్పాడు. ఆరు వారాల తర్వాత స్పైరోమెట్రీ. ఊదే శక్తి ఎనభై శాతం ఉంటే ఫిట్. "అన్‌ఫిట్ వచ్చిందనుకో, ఇఖామా రెన్యూవల్ ఉండదు. ఖలాస్." ఇఖామా, అంటే ఇక్కడ నివసించే అనుమతి, పోతే ఇంటిదారే. డిశ్చార్జి నాటి పరీక్షలో నాకు వచ్చింది అరవై నాలుగు.

ఇక రాజలింగం సంగతి. కర్ఫ్యూ పెట్టినప్పుడు కంపెనీ అతన్ని క్యాంపు నుంచి తెచ్చి నా గదిలో వేసింది. జగిత్యాల జిల్లా మనిషి, పరంజా కట్టే స్కాఫోల్డింగ్ కూలి, వయసు యాభై రెండు. నాకంటే పదకొండేళ్లు పెద్ద. రోజుకు పది సిగరెట్లు కాలుస్తాడు. నాకు జ్వరం వచ్చిన వారంలోనే అతనికీ వచ్చింది, నాలుగు రోజుల్లో పోయింది. నేను ఆస్పత్రి నుంచి తిరిగొచ్చేసరికి చింతపండు పచ్చిపులుసు చేసి, గిన్నె మీదికి వంగి, "ఆహా, ఏం వాసన సారూ!" అన్నాడు. నాకు అది ఉత్త నీళ్లు మాత్రమే.

రోజూ ఉదయం ఏడింటికి వేలికి తొడిగే ఒకే ఆక్సీమీటరుతో ఇద్దరి రీడింగులూ తీసి పుస్తకంలో రాసేవాణ్ణి. నాది 92, అతనిది 98. నాది 91, అతనిది 97. రెండు నిలువు గడుల్లో ఎప్పుడూ కుడివైపుదే పెద్ద అంకె. ఆ కుడిగడి మీద నాకు కలిగినదాన్ని ఇన్నాళ్లూ విచారం అని పిలుచుకున్నాను. అది అసూయ.

సాయంత్రం ఆరున్నర అయితే రాజలింగం ఖాళీ పెయింటు బకెట్టు డోలులా బోర్లించి, వాట్సాప్‌లో తన ఇంటికి వీడియో కలిపి, కథ మొదలుపెట్టేవాడు. వయసులో ఉన్నప్పుడు ఒగ్గు కథ మేళంతో ఊళ్లు తిరిగినవాడట. మల్లన్న కథ చెబుతుంటే, దగ్గు లేకుండా, ఆగకుండా, ఒక్క ఊపిరిలో నేను లెక్కపెట్టిన మేరకు ఇరవై ఆరు సెకన్లు రాగం తీసేవాడు. నేను అప్పట్లో ఒక్క ఊపిరిలో పదకొండు వరకే లెక్కపెట్టగలిగేవాణ్ణి.

కోనసీమలో ఉన్న నా భార్య సుజాత ఒక సాయంత్రం అదే వేళకు ఫోన్ చేసింది. వెనక బకెట్టు చప్పుడు విని మా ఎనిమిదేళ్ల పాప హర్షిత, "నాన్నా, అదేంటి? అటు తిప్పు," అంది. తిప్పాను. అంతే. మర్నాటి నుంచి నా పలకరింపు నిమిషంన్నర, కథ నలభై నిమిషాలు.

"నాన్నా, ఫోన్ పెదనాన్నకివ్వు."

"పెదనాన్న ఎవరమ్మా?"

"రాజలింగం పెదనాన్న!"

ఆ వరస ఎవరు కలిపారని అడిగితే సుజాత నవ్వింది. "అదే కలుపుకుందండీ. ఆయన గొంతు ఖంగుమంటాదండీ, ఎంత బావుంటాదో! మీరెప్పుడైనా దానికో కథ చెప్పారేంటి?"

చెప్పలేదు. నిజమే.

కథకు ఊ కొట్టేవాడు కావాలి. ఫోనులో హర్షిత కొట్టేది, కానీ నెట్ తెగినప్పుడల్లా కథ ఆగిపోయేది. రాజలింగం నా వైపు తిరిగేవాడు. "సారూ, గట్ల గోడదిక్కు పండుకుంటె పాణం నిమ్మళమైతదా? జెర ఊ కొట్టుండ్రి. ఊ కొట్టెటోడు లేకుంటె కథ నడువది."

నా కూతురిని లాక్కున్నవాడి కథకు నేను వంత పాడాలా అనుకుని పలకలేదు. కానీ మల్లన్న ఏడు కొండల అవతల దారి తప్పిన సాయంత్రం నెట్ పోయింది, నా నోటి నుంచి నాకు తెలియకుండానే "ఊ" వచ్చింది. తర్వాత ఇంకొకటి. కథ ముగిశాక అలవాటుగా రీడింగు తీస్తే 95. నమ్మలేదు. వేలు మార్చి తీశాను. 95.

ఊ అనడానికి పెదవులు ఎలా చుట్టాలో, ఆ ఫిజియోథెరపిస్టు చూపించింది అలాగే. అంకెలు లెక్కపెడుతూ చేస్తే నలభై సార్లకే విసుగొచ్చి మానేసిన వ్యాయామం అది. కథలో ఒక్క సాయంత్రం నేను కొట్టిన ఊలు నూట ఎనభై మూడు. పొడుగ్గా, నెమ్మదిగా, కథ ముందుకు పోవాలన్న ఆత్రంతో. మూడు వారాల్లో నా ఉదయపు రీడింగు 92 నుంచి 95కి వచ్చింది. అతని కథ నాకు మందు అన్న సంగతి నా పుస్తకంలో అంకెల్లో ఉంది. అయినా అతనికి చెప్పలేదు.

పరీక్షకు పద్నాలుగు రోజులుందనగా సుజాత అంది: "ఆయన కథ వింటన్నంతసేపూ మీ మీద బెంగ కూడా మర్చిపోతన్నామండీ." ఆమె ఉపశమనంతో అన్నది. నేను రాత్రంతా ఆ మాటను నమిలాను.

మర్నాడు ఉదయం రాజలింగం ఫ్రీజరులోంచి చేప తీసి కడిగి, తడిచేయి లుంగీకి తుడుచుకుంటూ వచ్చి వేలు చాచాడు. ఆ వేలు మంచులా ఉంది. ఆక్సీమీటరు 91 చూపింది. చల్లబడిన వేలిలో రక్తప్రసరణ తగ్గి పరికరం తప్పు చెబుతుందని నాకు తెలుసు. వేలు రుద్ది, ఐదు నిమిషాలాగి, మళ్లీ తీయాలి. కుడిగడిలో 91 రాశాను. ఎడమగడిలో నాది 95.

"తగ్గింది, రాజలింగం. గట్టిగా మాట్లాడకండి. కొన్నాళ్లు కథలు ఆపండి."

అతను ఒక్క ప్రశ్న అడగలేదు. "మీరు జెప్పినంక ఇగేంది సార్," అని బకెట్టు తీసుకెళ్లి బాత్రూములో పెట్టాడు. ఆ తర్వాత ఐదు ఉదయాలు నేనే ఏదో పని కల్పించుకుని అతని రీడింగు తీయలేదు.

ఐదు సాయంత్రాలు గదిలో ఏసీ చప్పుడు మాత్రమే. హర్షిత ఫోన్ చేసి, "కథ లేదా? సరే నాన్నా, బై," అనేది. నేను కోరుకున్న స్థలం ఖాళీ అయింది. అందులో పెట్టడానికి నా దగ్గర ఏమీ లేదు. వ్యాయామమూ మానేశాను. ఆరో రోజు పొద్దున 89. మళ్లీ అవే తొమ్మిది కిలోమీటర్లు.

అదే డాక్టర్ ఎక్స్‌రేను వెలుతురుకు ఎత్తి, ముడుచుకుపోయిన ఊపిరితిత్తి అడుగుభాగాన్ని చూపించారు. "లోయర్ లోబ్ ఓపెన్ కాలేదు. అటెలెక్టసిస్. యూ స్టాప్డ్ ది ఎక్సర్‌సైజ్? వై?"

 రెండు రోజులు ఉంచి పంపారు.

గదికి వచ్చాక రాజలింగాన్ని కూర్చోబెట్టి, అరచేతులు రుద్దించి, రీడింగు తీశాను. 98. తర్వాత జరిగింది ఉన్నదున్నట్టు చెప్పాను: చల్లటి వేలు, తెలిసీ రాసిన అంకె, కారణం.

అతను వేలిని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "కుళ్లా సార్? నా మీదనా?" అని పకపకా నవ్వాడు. "కూలోని మీద ఇంజినీరుకు కుళ్లు! ఊర్ల చెప్తె నమ్ముతరా?" నవ్వు ఆగాక గొంతు మారింది. "గా దినం నేను ఇంటిదానికి ఫోన్ జేసిన. భూమి పాసుబుక్కు ఏ పెట్టెల ఉన్నదో, ఎవలకు ఎంత ఇయ్యాల్నో అన్ని చెప్పిన. అది ఐదొద్దులు తిండి తినలే. నాకు అంకెలు తెల్వయి సార్. మీరు ఏది జెప్తె గదే అంకె అనుకున్న."

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో సాయంత్రం బకెట్టు బయటికొచ్చింది. ఫోనులో హర్షిత కేక వేసింది. నేను నోరు తెరవబోతే వేలు చూపించి ఆపాడు. "నువ్వియ్యాల ఊ కొట్టకు. ఉత్తగ ఇను." నాలుగో సాయంత్రం కథ మధ్యలో ఆగి, నా వైపు చూడకుండానే, "ఊ ఏది సారూ?" అన్నాడు.

పరీక్షకు మిగిలింది రెండు రోజులు. నాలుగు వందల పైన ఊలు కొట్టాను. స్పైరోమెట్రీ గొట్టంలో ఊదితే డెబ్బై ఆరు వచ్చింది. టెక్నీషియన్ మూడుసార్లు ఊదించాడు, మూడుసార్లూ అంతే. కంపెనీ డాక్టర్ ఫారం మీద రాసింది ఇది: ఫిట్ కాదు, అన్‌ఫిట్ కాదు; వర్క్‌షాపు పనికి మాత్రమే. ఇఖామా నిలిచింది. బ్రీదింగ్ మాస్కు వేసుకుని చేసే సైటు పని పోయింది. ఐదు రోజులు పాడుచేసుకోకపోతే ఆ నాలుగు శాతం వచ్చేదని నిరూపించలేను, రాదనీ చెప్పలేను.

ఇప్పుడు నేను వర్క్‌షాపుకు దగ్గరగా అబూ హలీఫాలో ఉంటున్నాను. మెట్లు మూడంతస్తులు ఆగకుండా ఎక్కుతాను. రాజలింగం ఖైతాన్‌లోనే ఉన్నాడు, శుక్రవారాలు వెళ్తాను. హర్షిత ఇప్పటికీ ముందు అతని కోసమే అడుగుతుంది, నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. అది నయమైందని అబద్ధం రాయను.

తోటి రోగులకు ఒక్క సలహా. వేలిని వెచ్చబెట్టి, ఐదు నిమిషాలు కూర్చుని, రెండు వేళ్లపై రీడింగు తీయండి. మరొకరికి తీస్తుంటే, అంకెను వారికే చూపించి, వారి ఎదుటే మళ్లీ తీయండి.

నష్టాల మొత్తం: ఆస్పత్రిలో పద్నాలుగు రోజులు. పనికి వెళ్లని రోజులు అరవై ఒకటి. బరువు తొమ్మిది కిలోలు, ఆరు తిరిగొచ్చాయి. ఊదే శక్తిలో నాలుగు శాతం తక్కువ. సైటు ఉద్యోగం ఒకటి. కరివేపాకు వాసన, ఇంతవరకు రాలేదు. రాజలింగం వైపు: ఐదు సాయంత్రాలు, జగిత్యాలలో అతని భార్య తినని ఐదు రోజుల భోజనం.