కిటికీ పక్క టేబులు

తొంభైల చివర్లో నేను కరీంనగర్ బస్టాండు వెనక ఒక కెమెరా రిపేరు దుకాణంలో రెండో మెకానిక్‌ని. మొదటి మెకానిక్ యజమానే. ఆయనను సేటు అనేవాళ్లం. ఆయనది కిటికీ పక్క టేబులు. పగటి వెలుతురు సూటిగా పడే చోటు అదొక్కటే కాబట్టి కెమెరా షట్టరు పనంతా అక్కడే జరిగేది. మిగతా టేబుళ్ల మీద తుడవడం, తోలు అతికించడం. సేటుకు చూపు మందగించింది. ఆ చోటు ఇక నాదేననుకున్నాను. అంతలో స్వరూప పనిలో చేరింది.

ఆమె హైదరాబాదులో పని నేర్చుకుని వచ్చింది. రిపేరు పుస్తకాల్లో నేను బొమ్మలు చూసేదాన్ని. ఆమె బొమ్మల కింద రాసింది చదివేది. నేను అక్షరాలు దిద్దింది దుకాణం మూతపడ్డాకనే. అప్పట్లో నాకున్న పేరల్లా షట్టరు చప్పుడు విని జబ్బు చెబుతానని. ఆమె పుస్తకం తెరిస్తే నాకు ఒంటికి కారం రాసినట్టుండేది. పని చేస్తూ ఆమె తీసే కూనిరాగం కూడా గిట్టేది కాదు.

దసరా వెళ్లాక బెల్లంపల్లి ఫొటోగ్రాఫరు ప్రభుదాస్ గారు వచ్చారు. ఆయనది పాత రెండు కళ్ల కెమెరా. పై అద్దంలోంచి చూస్తాం, కింది అద్దం ఫొటో తీస్తుంది. పండుగకు ముందు అద్దానికి బూజు పట్టిందని మాకిచ్చి, పండుగ కాగానే తీసుకుపోయారు. ఇప్పుడు నిదానపు వేగాల్లో షట్టరు తెరుచుకుని అలాగే ఉండిపోతోంది. సెకను, అర సెకను వంటి వేగాలను షట్టరు లోపలి చిన్న పళ్లచక్రాల వరుస నడుపుతుంది. వాటి మధ్య నలుసు పడ్డా చక్రం ఆగుతుంది.

“మా పాస్టరు గారు చర్చిల ఫ్లాష్ కొట్టనియ్యడు. పెండ్లిపిల్ల ప్రమాణం జేస్తుంటే నా కెమెరా నోరు తెరిచి మూస్తలేదు,” అన్నారాయన. ఫ్లాష్ లేని చోట నిదానపు వేగాలే దిక్కు. పైగా క్రిస్మస్ దగ్గరికొస్తోంది.

సేటు కెమెరాను టేబులు మీద పెట్టి మా ఇద్దరినీ చూశారు. “నా కండ్లు ఇగ పనిజేస్తలేవు. గీ కెమెరా ఎవల చేతుల బాగైతదో, కిటికీ కాడ వాళ్లే కూసుంటరు. ముందుగాల రాజవ్వ చూస్తది.”

చెవి దగ్గర పెట్టుకుని మీట నొక్కాను. చక్రాల బుర్రుమనే చప్పుడు సగంలో తెగిపోయింది. ముందు పలక విప్పితే పళ్లమీద ఎర్రటి మరక. బెల్లంపల్లి దుమ్ములో తిరిగే కెమెరా, తుప్పనుకున్నాను. తెల్ల పెట్రోలుతో కడిగి, ఆరబెట్టి బిగించాను. చప్పుడు చివరిదాకా పలికింది. స్వరూప వైపు చూసి మరీ కెమెరాను సేటుకిచ్చాను.

వారం తిరక్కముందే ప్రభుదాస్ గారు మళ్లీ వచ్చారు. “రాజవ్వా, నీ కాడ మంచిగనే మాట్లాడుతది. బెల్లంపల్లిల బస్సు దిగంగనే మూతి ముడుస్తది.”

ఈసారి సేటు కెమెరాను స్వరూప చేతికిచ్చారు. ఆమెకూ చేతకావొద్దని నేను మనసులో మొక్కుకున్నాను. ఆమె చక్రాలను ముట్టుకోలేదు. వేగాల అంకెలున్న వలయాన్ని తీసి తిరగేసింది. దాని కింది గాడిలో ఎర్రటి పొడి పేరుకుని ఉంది. వేలితో అద్ది, నుదుట పెట్టుకుని నా వైపు తిరిగింది.

“తుప్పు గిట్ల అంటదా అక్కా?”

నుదుట బొట్టు నిలిచింది.

“వాళ్లు చర్చికి పోయేటోళ్లు గదా. మరి కుంకుమ ఏడికెళ్లి వచ్చింది?”

నాకు చప్పున తట్టింది. దసరానాడు సేటు స్క్రూడ్రైవర్లకు, పట్టకార్లకు బొట్లు పెట్టి, టేబులు మీదున్న కెమెరాలనూ వదల్లేదు. పెట్టిన బొట్టు ఎండి, పొడిగా రాలి వలయం కిందికి జారింది. నేను చక్రాలు కడిగాను. ప్రభుదాస్ గారు వలయం తిప్పినప్పుడల్లా పైనుంచి మళ్లీ కుంకుమ పడింది. సేటు స్వరూప నుదుటి బొట్టు వైపు చూశారు. “నేనే పెట్టిన,” అన్నారు.

స్వరూప గాడి తుడిచి బిగించాక, ప్రభుదాస్ గారికి సేటు ఉన్నదున్నట్టు చెప్పారు. ప్రభుదాస్ గారు కెమెరాను తిప్పి తిప్పి చూసుకున్నారు. “నాకు జెప్పకుంటనే దీనికి బొట్టు పెట్టి పంపిండ్రా? మా పాస్టరు గారికి తెల్వనియ్యకుండ్రి, మళ్ల బాప్తిస్మం ఇస్తనంటడు.”

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మరునాడు స్వరూప తన పట్టకార్లు కిటికీ దగ్గరికి మార్చుకుంది. దుకాణం మూతపడేదాకా అది ఆమె చోటే. అటు చూసిన ప్రతిసారీ నాకు మంటగానే ఉండేది.

తర్వాతి దసరా నుంచి గిరాకీల కెమెరాలను ముందురోజే బీరువాలో పెట్టేవాళ్లం. బొట్లు మా పనిముట్లకే. రిపేరై తిరిగొచ్చిన కెమెరాను చూస్తే, అది మా దగ్గరున్నప్పుడు దానికేమైందని నేను మొదట అడిగేదాన్ని. మురికిని కడగడం నాకు వచ్చు. అది ఎక్కడినుంచి పడుతోందో చూడటం స్వరూపకు వచ్చు. కిటికీ పక్క టేబులు ఆ రెండో పనిది.