మిల్లు శాంపిల్లా ఏరిన ఆకులు

వాకాడు దగ్గర ఒక వరి కయ్య గట్టు మీద ముగ్గురం ఉన్నాం: ఆకులు పరీక్షించడానికి ల్యాబ్ నుంచి వచ్చిన నేను, కయ్య రైతు, ఆయన భార్య. వస్తువులు: మంచు నింపిన థర్మోకోల్ పెట్టె, పన్నెండు ప్లాస్టిక్ కవర్లు, కత్తెర, మార్కర్. పక్కన రొయ్యల గుంట. పది రోజులుగా గుంటలోని ఉప్పునీళ్లు కాలువలోకి వదులుతున్నారు. ఆ నీళ్లు పొంగి కయ్యలో నల్లటి బురద పేరుకుంది. కుళ్లిన మేత, చచ్చిన రొయ్యలు, వాటి మీద ఈగలు.

నేను కొలవాల్సింది ఆకు లోపలి సంగతి. ఉప్పు వేళ్లకు చేరితే మొక్క నీళ్లు లాగలేదు; ఆకు రంధ్రాలు మూసుకుంటాయి. ఎండ మాత్రం పడుతూనే ఉంటుంది. వాడుకోలేని ఆ శక్తి హరితరేణువుల్లో ఆక్సిజన్‌ను విషంగా మారుస్తుంది. ఆ విషాన్ని అక్కడికక్కడే విరిచేవి విటమిన్ సి, గ్లూటాథయోన్ లాంటివి. అవి తరిగిపోతే ఆకు పాలిపోతుంది. తరిగాయని రిపోర్టులో చూపిస్తే గుంట నీళ్లు వదలకుండా అధికారులు ఆపుతామన్నారు. రైతు ఆశంతా దాని మీదే.

కయ్య నడుమకు దిగి, పైనుంచి రెండో ఆకు కోయాలి. నేను దిగలేదు. ముక్కుకు రుమాలు కట్టుకుని కత్తెర రైతుకిచ్చాను. రెండో ఆకు అని చెప్పాను, ఏ దుబ్బుదో చెప్పలేదు. ఆయన ఎటు వెళ్లాడో చూడకుండా కవర్ల మీద నంబర్లు వేసుకుంటూ కూర్చున్నాను.

ల్యాబ్‌లో పన్నెండింటిలోనూ విటమిన్ సి మామూలుగానే ఉంది. అనుమానం రాకపోలేదు, అయినా రిపోర్టు పంపేశాను. వారం తర్వాత వెళ్లి ఆ మాట చెబితే రైతు సంబరపడ్డాడు.

"మంచివే ఏరినా సార్, బోరు నీళ్లు పారే మూల నుంచి. ల్యాబుకు పొయ్యే ఆకు గదా, ఎండిపోయిందాన్ని ఎట్టిస్తాం?"

మిల్లుకు వడ్ల శాంపిల్ పట్టుకెళ్లేటప్పుడు తాలు చెరిగి మంచి గింజలే తీసుకుపోతారు. ఆయన చేసిందీ అదే. సంగతి ముందు ఆయన భార్యకు అర్థమైంది.

"నీ కయ్యకు ఫస్టుక్లాసు తెచ్చినావులే. ఇంక గుంటోళ్లు నీళ్లు ఆపుతారా?"

మళ్లీ శాంపిల్ తీస్తానని ఆఫీసుకు ఫోన్ చేశాను. ఈ పంటకు పరిశీలన ముగిసిందన్నారు. ఆ రోజు వాసన భరించలేక గట్టు మీద కూర్చున్న నా మీద నాకే రోత పుట్టింది. చెప్పులు విప్పి దిగాను. బురద పిక్కల దాకా వచ్చింది. కయ్య నడుమ ఒక చదరపు మీటరు కొలిచి లెక్కపెట్టాను.

ముప్పై మూడు దుబ్బులు. పచ్చగా ఉన్నవి నాలుగు.